ఉల్టా కత్తి పట్టినోళ్లు

టెక్కెన్ 3 అనే కొట్లాట వీడియో గేమ్‌లో యోషిమిత్సుని ఎంచుకున్నవాడితో ఆడాలంటే మా నెల్లూరు గేమ్స్ షాపులో అందరికీ విసుగే. ఎడ్డీ గోర్డోని తీసుకున్నవాడు బటన్లన్నీ కలిపి నొక్కేస్తాడు, తెర మీద ఆ మనిషి కాళ్లు పైకి, తల కిందికి పెట్టి ఆడుతూ గెలిచేస్తాడు. వాడి మీద కోపం వస్తుంది, అంతటితో సరి. యోషిమిత్సుని తీసుకున్నవాడు గెలవడానికి వచ్చాడో, ఎక్కిరించడానికి వచ్చాడో తెలిసేది కాదు. పోట్లాట మధ్యలో మఠం వేసుకుని కూర్చుంటాడు. ప్రాణం అయిపోవస్తుంటే తన కడుపులో తనే పొడుచుకుని, పక్కనున్నవాడిని కూడా వెంట తీసుకుపోతాడు. నేను తీసుకునేది వాణ్ణే.

సంతపేటలో ఓ సందులో ఉండేది షాపు. రెండు చిన్న టీవీలు, రెండు ప్లేస్టేషన్లు, ఒక టేబుల్ ఫ్యాను. గంటకి పది రూపాయలు. ఓడినోడు లేవాలి, గెలిచినోడు కూర్చుంటాడు, ఇదొక్కటే రూలు. బడి యూనిఫాంలో వస్తే షాపు అన్న లోపలికి రానిచ్చేవాడు కాదు, అంతకుముందు ఎవరి నాన్నో వచ్చి రచ్చ చేశాడట. అందుకని చొక్కా మార్చుకుని వచ్చేవాళ్లం, ప్యాంటు మాత్రం యూనిఫాందే. అన్న చొక్కా వరకే చూసేవాడు.

సీడీలన్నీ చెన్నై బర్మా బజార్ నుంచి తెచ్చిన కాపీలు. పొద్దున పినాకిని రైలెక్కితే మధ్యాహ్నానికల్లా చెన్నైలో ఉండొచ్చు కాబట్టి కొత్త గేమ్ ఏదన్నా మా ఊరికి అట్టా వచ్చేది. మెషిన్ పాతబడే కొద్దీ లోపలి లెన్స్ సీడీని చదవడం మానేసింది. అన్న దాన్ని తలకిందులుగా బోర్లించి పెట్టేవాడు. అప్పుడు చదివేది! ఇది మా షాపు తెలివి అని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లం. తర్వాత తెలిసింది, మొదటి ప్లేస్టేషన్‌కి ఈ వైద్యం లోకమంతా చేసిందేనని.

మాకు ఇంగ్లిష్ కథలు ఎక్కేవి కావు. పేర్లు కూడా మేం పెట్టుకున్నవే. ఎడ్డీ డాన్సోడు, చిరుతపులిలాంటి జాగ్వార్ ముసుగేసుకునే కింగ్ పులోడు, లా అంటే బ్రూస్‌లీ. యోషిమిత్సు కత్తోడు. వాడు మాంజీ అనే దొంగల దండుకి నాయకుడని, ఉన్నోళ్ల దగ్గర కొట్టి లేనోళ్లకి పెడతాడని చాలా ఏళ్లకి చదివాను. అప్పుడు నన్ను పట్టేసింది కథ కాదు, వాడి చెయ్యి.

అందరూ కత్తిని మొన ముందుకు పెట్టి పట్టుకుంటారు. సినిమాలో రాజులంతా అంతే. వీడి కత్తి పిడికిట్లోంచి చిటికెనవేలు వైపు దిగి, ముంజేతి వెంబడి వెనక్కి పోయేది. ఎదురుగా వచ్చేది పిడికిలి, కత్తి మోచేతి వెనక ఉంటుంది. చేతిలో అంత పొడుగు కత్తి పెట్టుకుని పిడికిలితో గుద్దుతాడేంది అని మొదట్లో నవ్వేవాళ్లం. కొన్నాళ్లు ఆడాక దాని లెక్క అర్థమైంది. టెక్కెన్ ప్రధానంగా చేతులు, కాళ్లతో కొట్టుకునే ఆట. అందులో ఒకడికి కత్తి ఇచ్చి ముందుకు పట్టుకోమంటే మిగతావాళ్లు దగ్గరికి రాలేరు. అందుకని కత్తిని వెనక దాచారు. గుద్దినంతసేపూ వాడూ అందరిలాంటివాడే. కత్తి ముందుకు తిరిగిందంటే మాత్రం ఆ దెబ్బ కాచుకోలేం, గార్డ్ పట్టినా తగులుతుంది. కాకపోతే కత్తి తిరగడానికి కొంచెం టైం పడుతుంది. ఆ రవ్వంత టైంలో పక్కకి తప్పుకోవాలి, లేదా ముందే ఒకటి కొట్టాలి.

దాంతో మా షాపులో యోషిమిత్సుకి ఎదురుగా ఆడేవాళ్లు ముఖం చూడటం మానేసి మణికట్టు చూడటం నేర్చుకున్నారు. చిన్న టీవీ, గళ్లు గళ్లుగా బొమ్మ, అయినా ఆ మణికట్టు తిరగడం కనపడేది. నేను ఊరికే తిప్పినట్టు మొదలుపెట్టి ఆపేసేవాణ్ణి. ఎదుటివాడు భయపడి పక్కకి జరిగేవాడు. జరిగినచోట కాలు సిద్ధంగా ఉండేది. రేయ్, ఎక్కిరింపులు ఆపి సక్రమంగా ఆడరా అని తిట్టేవాళ్లు. సక్రమంగా ఆడటం అంటే అదేనని నా వాదన.

ఎండాకాలం సెలవులకి అమ్మమ్మ వాళ్ల ఊరు పోయేవాళ్లం, అల్లూరు పక్కన. అక్కడ గేమ్స్ షాపు ఎక్కడిది? కొబ్బరి మట్ట విరిచి, దాన్ని ఉల్టా పట్టుకుని వసారాలో స్తంభంతో యుద్ధం చేస్తుండేవాణ్ణి. తాతయ్యకి కుర్రతనంలో కర్రసాము వచ్చు. పీర్ల పండక్కి డప్పుల ముందు తిప్పేవాళ్లట, హిందువులూ తురకలూ కలిసి. నేను చూసేనాటికి ఆయన మోకాళ్లు పోయాయి. అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటూ నన్నే చూస్తున్నాడు.

"ఏంది అబ్బయా ఆ పట్టు?"

కత్తోడు ఇట్టనే పట్టుకుంటాడు తాతా అన్నాను.

"వాడెవడోగానీ, అట్టా పట్టుకుంటే వాడు అందేది ఎంత దూరం? మోచెయ్యంత. నా కర్ర సూడు యాడిదాకా వస్తదో."

కూర్చున్నచోటి నుంచి లేవకుండానే చేతికర్ర చాపాడు. దాని కొన నా గుండెకి ఆనింది. నా మట్ట ఆయన కర్రలో సగానికి కూడా చేరలేదు. ముందు దూరం చూసుకోవాల, దెబ్బ తర్వాత అన్నాడు. అంతటితో ఊరుకుంటే నేను అలిగేవాణ్ణే. కాసేపాగి మట్ట ఇటివ్వమన్నాడు. తనే ఉల్టా పట్టుకుని, నన్ను దగ్గరికి రమ్మని, నా మణికట్టు మీద ఆ మట్టని కొక్కెంలా వేసి లాగాడు. నేను ముందుకు పడ్డాను. "లోపలికి వచ్చినావంటే మాత్రం ఇదే మేలు. రావడమే కష్టం" అన్నాడు. ఆయన టెక్కెన్ పేరు కూడా వినలేదు. ఈ విషయం మీద నాకు తెలిసినంతలో అంతకంటే సరిగ్గా చెప్పినవాళ్లు లేరు.

షాపులోకి ప్లేస్టేషన్ 2 వచ్చాక సోల్‌కాలిబర్ 2 వచ్చింది. 2003 నాటి గేమ్, మా దగ్గరికి ఆలస్యంగా దిగింది. ఇందులో అందరికీ ఆయుధాలే. ప్లేస్టేషన్ వాళ్లకి టెక్కెన్ నుంచి హెయిహాచిని చుట్టంలా తెచ్చి పెట్టారు, వాడొక్కడు కత్తీ కర్రా లేకుండా చేతులతోనే కొట్టేవాడు. యోషిమిత్సు ఇందులోనూ ఉన్నాడు, అయితే ఇది కొన్ని వందల ఏళ్ల కిందటి యోషిమిత్సు. నేను వాణ్ణి వదిలేశాను, అందరూ ఆశ్చర్యపోయారు. కారణం టాకీ.

టాకీ ఫూమా తెగకి చెందిన నింజా, దయ్యాలని వేటాడే మనిషి. రెండు పొట్టి కత్తులు, రెక్కిమారు, మెక్కిమారు. రెండూ ఉల్టానే పట్టుకుంటుంది. ఎదురుగా చూస్తే నైట్‌మేర్ చేతిలో మనిషంత కత్తి, ఆస్టరాత్ చేతిలో గొడ్డలి. అన్నిటికంటే కష్టం కిలిక్, వాడి చేతిలో పొడుగు కర్ర. మా బ్యాచ్‌లో మూలాపేట నుంచి వచ్చే ఒకడు కిలిక్‌తోనే ఆడేవాడు. నేను రెండడుగులు వేసేలోపు కర్ర కొన తగిలేది. తాతయ్య అరుగు మీద కూర్చుని చూపించింది టీవీలో రోజూ జరిగేది. ఆట మొత్తం ఒకటే పని: ఆ కర్ర కొన దాటి లోపలికి పోవడం. వాడు పైనుంచి కొట్టినప్పుడు పక్కకి జరిగి, కర్ర వెనక్కి తీసుకునేలోపు దూరాలి. ఒకసారి లోపలికి పోతే కర్ర వాడికే అడ్డం. టాకీ చేతులు రెండూ చకచకా తిరుగుతుంటే వాడు రిమోట్ పట్టుకుని అమ్మో అమ్మో అని అరిచేవాడు.

ఒకే పట్టు, రెండు ఆటల్లో రెండు రకాలుగా పనిచేసింది. టెక్కెన్‌లో అది బలవంతుడిని తగ్గించి మిగతావాళ్లతో సమానం చేయడానికి, సోల్‌కాలిబర్‌లో పొట్టి ఆయుధం ఉన్న మనిషిని ఎదుటివాడి ఊపిరి తగిలేంత దగ్గరికి తోయడానికి. ఈ రెండు సిరీస్‌లూ నామ్‌కోవే. వాళ్ల ఆఫీసులో ఈ విషయం మీద ఎవరో బాగా ఆలోచించి ఉంటారని నా నమ్మకం.

మధ్యలో తెంచు అనే గేమ్ గురించి చెప్పకపోతే నా స్నేహితులు ఊరుకోరు. 1998లో వచ్చిన పాత గేమ్. షాపులో ఎవరూ ఆడేవాళ్లు కాదు, ఒక్కరే ఆడాలి కాబట్టి. కరెంటు పోయి వచ్చాక జనం తగ్గిన మధ్యాహ్నాల్లో, రోహిణి కార్తె ఎండకి షట్టర్ సగం దించేసినప్పుడు, అన్న మాకు ఉచితంగా పెట్టేవాడు. రికిమారు, అయామే అని ఇద్దరు నింజాలు. పెంకుల కప్పు మీద కొక్కెం విసిరి ఎక్కాలి. కాపలావాడు నడిచే దారిలో విషం కలిపిన అన్నం ముద్ద పెట్టాలి. వెనక నుంచి చప్పుడు కాకుండా పోయి పని ముగించాలి. ఎదురుపడి కొట్లాడితే మనమే పోతాం. ఇక్కడ ఆ పట్టుకి దూరంతో పనిలేదు, ఎదుటివాడికి మనం ఉన్నట్టే తెలియదు కదా. షాపులో అందరం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. సరిగ్గా అప్పుడే బయట సుగంధి సోడా బండివాడు గంట కొట్టేవాడు.

జపాన్ వాళ్లకి ఈ పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందో ఇంటర్నెట్ వచ్చాక వెతుక్కున్నాను. అక్కడ జాటోయిచి అని ఒక గుడ్డివాడి పాత్ర ఉంది. ఒళ్లు పిసికి బతికేవాడు, చేతికర్రలో కత్తి దాచుకుని తిరుగుతాడు. దాన్ని ఉల్టా పట్టుకునే లాగుతాడు. 1962 నుంచి షింటారో కట్సు ఆ వేషం వేశాడు, వరసగా సినిమాలు వచ్చాయి. కర్ర పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండి, అందులోంచి కత్తి వస్తే అది అట్టాగే ఉంటుంది మరి, అందులో స్టైల్ కన్నా సౌకర్యం ఎక్కువ. ఆ తర్వాత వచ్చిన నింజా బొమ్మలన్నిటికీ ఆ స్టైల్ అంటుకుంది. సౌకర్యం సంగతి చాలామంది మర్చిపోయారు.

యూరప్‌లో అయితే బాకుని ఇట్టా పట్టుకోవడం మామూలు సంగతేనట. 15వ శతాబ్దం మొదట్లో ఇటలీలో ఫియోరె దెయ్ లిబేరి అనే గురువు రాయించిన పుస్తకంలో బాకు మొన కిందికి ఉన్న బొమ్మలు బోలెడు. ఇనప కవచం తొడుక్కున్నవాడిని గీస్తే ఏమీ కాదు, సందు చూసి బలంగా పొడవాలి, అందుకు ఈ పట్టు. ఆ బొమ్మల్లో మనుషులందరూ ఒకరి చేతులొకరు పట్టుకుని, దాదాపు కుస్తీలో ఉంటారు. తాతయ్య నా మణికట్టు లాగింది అచ్చం ఆ పేజీల్లో ఉంది. ఆ బొమ్మలు చూసిననాటికి ఆయన లేడు.

అందుకే పొట్టి కత్తిని ఉల్టా పట్టుకునేవాళ్లని నేను నమ్ముతాను, పొడుగు కత్తిని అట్టా పట్టుకునేవాళ్లని అనుమానిస్తాను. మెటల్ గేర్ సాలిడ్ 3 (2004) గేమ్‌లో హీరో స్నేక్‌ని చూడండి. ఒక చేతిలో పిస్టల్, ఇంకో చేతిలో ఉల్టా కత్తి. దూరంగా ఉన్నవాడికి పిస్టల్, మీదపడ్డవాడికి కత్తి, రెంటి మధ్య మార్చుకునే పని లేదు. కత్తి అట్టా ఉండబట్టే ఆ చేత్తోనే ఎదుటివాడి మెడ పట్టుకుని కింద పడేయగలడు. ఆ గేమ్‌లో నాకు పాము మాంసం, మొసలి మాంసం తినే భాగం కూడా ఇష్టమే, అది వేరే సంగతి.

ఇక ఇంజనీరింగ్ రోజులు. హాస్టల్లో ఒకడి కంప్యూటర్ చుట్టూ పదిమంది. 2008లో కన్సోల్స్‌కి వచ్చిన స్టార్ వార్స్ ఫోర్స్ అన్‌లీష్డ్ మరుసటి ఏడు కంప్యూటర్‌కి వచ్చింది, అది మా ఫ్లోర్ మొత్తం తిరిగింది. డార్త్ వేడర్ ఎవరికీ తెలియకుండా పెంచిన శిష్యుడు స్టార్‌కిల్లర్. లైట్‌సేబర్ అనే వెలుగు కత్తిని ఉల్టా పట్టుకుంటాడు. చూడటానికి బ్రహ్మాండం. ఆ ఎర్రటి వెలుగు వాడి వెనక తోకలాగా ఊగుతుంటే పక్క గదివాళ్లు కూడా వచ్చి నిలబడేవాళ్లు. నాకు మాత్రం మనసొప్పలేదు. ముట్టుకుంటే తెగే ఆయుధం అది. దాన్ని ముంజేతి పక్కన, నడుము పక్కన పెట్టుకుని అంత వేగంగా తిరిగేవాడు ముందు తన మోచెయ్యి నరుక్కోవాలి కదా! కొట్లాటంతా ఎడమచేత్తో విసిరే మెరుపులతో, గాల్లో ఎత్తి పడేయడంతో నడిపించారు కాబట్టి సరిపోయింది. కత్తి దూరంగా అందకపోతే ఏం, మనిషినే గాల్లో లాక్కొస్తాడు. అంటే పట్టులో ఉన్న లోటుని మంత్రంతో పూడ్చారన్నమాట. తెలివైన పనే, ఒప్పుకుంటాను.

తుపాకుల గేమ్ కౌంటర్‌స్ట్రైక్ గురించి రెండు ముక్కలు. నెట్ సెంటర్లో దాని 1.6 వెర్షన్ ఆడేటప్పుడు మాకు కత్తి అంటే పరిగెత్తడానికి తీసేదే, పెద్ద తుపాకి లోపల పెట్టేస్తే వేగం పెరుగుతుంది కాబట్టి. వెనక నుంచి కత్తితో పొడిపించుకుని చచ్చినవాడికి ఆ రోజంతా మర్యాద ఉండేది కాదు. 2013లో, ఆ సిరీస్‌లోనే తర్వాత వచ్చిన గేమ్‌లో కరాంబిట్ అని గోరులా వంకర తిరిగిన కత్తి వచ్చింది. ఇండోనేషియా వైపు ఆయుధం, రింగులో వేలు దూర్చి ఉల్టానే పట్టుకుంటారు. తీసి వేలి మీద గిర్రున తిప్పుతారు. దెబ్బ మామూలు కత్తి దెబ్బే, ఒక పిసరు ఎక్కువ కాదు. రంగుని బట్టి వేలూ లక్షలూ పోసి కొంటారు. మా షాపు అన్నకి చెబితే, గంటకి పది రూపాయలు అడిగినందుకు నాతో కొట్లాడింది మీరే కదరా అన్నాడు. ఆయన ఇప్పుడు ఫోన్లు రిపేరు చేస్తున్నాడు, అదే సందులో.

సోల్‌కాలిబర్ ఐదో భాగంలో, 2012లో, టాకీని తీసేసి ఆమె శిష్యురాలు నాట్సుని పెట్టారు. నేను ఆ గేమ్ కొనలేదు. ఆరో భాగంలో, 2018లో, టాకీ తిరిగొచ్చింది. అప్పటికి ఉద్యోగం, పెళ్లి, బెంగళూరు. అయినా కొన్నాను. మూలాపేట కిలిక్‌గాడు ఇప్పుడు ఒంగోలులో ఉంటాడు, గ్రానైట్ వ్యాపారం, చీమకుర్తి రోజూ పోయి వస్తాడు. వాడూ కొన్నాడు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఆన్‌లైన్‌లో ఆడుకుంటాం. వాడు అదే కర్ర, నేను అదే రెండు పొట్టి కత్తులు.

మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒకడు, ఉల్టా కత్తి పట్టినవాళ్లలో ఎవరు గొప్ప అని తెచ్చిపెట్టాడు. స్టార్‌కిల్లర్‌కే ఎక్కువ ఓట్లు. చేతిలో పట్టుకుని ఆడే పీఎస్‌పీలో కింగ్‌డమ్ హార్ట్స్ గేమ్ ఆడిన ఒక్కడు వెంటస్ పేరు చెప్పాడు, తాళంచెవిలాంటి కత్తిని ఉల్టా పట్టుకుని తిరిగే కుర్రోడు. దాంతో ఎవరి పొట్టా తెగదు కదరా, తలుపు తీసుకోవడానికి ఇంత హంగామానా అని అందరూ వాడి మీద పడ్డారు. నేను టాకీ అని పెట్టి, దూరం గురించి, లోపలికి పోవడం గురించి పెద్ద వాయిస్ మెసేజ్ పెట్టాను. ఎవరూ విన్నట్టు లేదు. కిలిక్‌గాడు మాత్రం అర్ధరాత్రి దాటాక జవాబిచ్చాడు: "అంతా బానే చెప్పినావబ్బయా. నిన్న రాత్రి లోపలికి వచ్చినావా మరి?"